అరవై రోజుల్లో చెబుతామన్నారు

(మానవ హక్కుల దినం సందర్భంగా నల్గొండలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

యుద్ధం నుంచి తేరుకుంటున్న దేశంలో మానవ హక్కులు ఎట్లా నిలబడతాయో చెప్పమన్నారు. పది దేశాల పేర్లు చదివి ఏదీ సరిగా చెప్పకుండా పోయే కంటే ఒక్క దేశం దగ్గరే ఆగుతాను. నేపాల్. దగ్గరి దేశం, పాస్‌పోర్టు లేకుండా పోయి రావొచ్చు. అయినా అక్కడ జరిగింది మనకు పెద్దగా తెలియదు.

2006 నవంబర్ 21న ఖాట్మండులో శాంతి ఒప్పందం మీద రెండు సంతకాలు పడ్డాయి. ఒకటి ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలాది, రెండోది మావోయిస్టు నాయకుడు ప్రచండది. 1996 ఫిబ్రవరిలో మొదలైన పోరులో అప్పటికి సుమారు 17 వేల మంది చనిపోయారు. దాదాపు 1,300 మంది ఏమయ్యారో ఎవరికీ తెలియదు. తీసుకుపోయారు, మళ్లీ రాలేదు, అంతే. ఒప్పందంలో వీళ్ల గురించి ఒక మాట రాసుకున్నారు. ఇరుపక్షాలూ తాము మాయం చేసినవాళ్ల పేర్లు, ఊళ్లు, వివరాలు 60 రోజుల్లో బయటపెడతాయని.

60 రోజులంటే 2007 జనవరి. ఆ జనవరి వచ్చింది, పోయింది. అట్లాంటి జనవరులు ఎన్నో పోయాయి. మాయమైనవాళ్ల సంగతి తేల్చడానికి ఒక కమిషన్, మిగతా నేరాల సంగతికి సత్య నిరూపణ, సయోధ్య కమిషన్ అని ఇంకొకటి వేసేసరికే 2015 ఫిబ్రవరి అయింది. ఎనిమిదేళ్లు దాటాకన్నమాట.

ఎందుకింత ఆలస్యం? డబ్బు లేకనా? ఐక్యరాజ్యసమితి ఉంది, దాతలున్నారు, ఖాట్మండులో ఒక వీధి నిండా సలహాదారులున్నారు. నాకు తోచింది చెబుతాను, ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాటే. శాంతి ఒప్పందం తుపాకులు పట్టుకున్న ఇద్దరి మధ్య జరుగుతుంది. హక్కులు కోల్పోయినవాడు మూడో మనిషి. సంతకం పెట్టే గదిలో అతనికి కుర్చీ ఉండదు. బయటపెడతామని మాట ఇచ్చిన ఇద్దరికీ ఆ వివరాలు బయటపడితే నష్టమే. మరి ఎవరు బయటపెడతారు?

ఆ మూడో మనిషి ఎవరో చూద్దాం. నేపాల్‌కు పడమటి మైదానంలో బర్దియా అని ఒక జిల్లా ఉంది. దేశం మొత్తంలో ఎక్కువ మంది మాయమైన జిల్లా అదే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2008 డిసెంబర్‌లో ఆ ఒక్క జిల్లా మీదే నివేదిక ఇచ్చింది. వాళ్లు లోతుగా పరిశీలించిన 170 కేసుల్లో 156 మందిని ప్రభుత్వ బలగాలు తీసుకుపోయాయి, 14 మందిని మావోయిస్టులు. ప్రభుత్వం మాయం చేసినవాళ్లలో అత్యధికులు థారూలు. 2001 నవంబర్‌లో ఎమర్జెన్సీ పెట్టారు, ఆ మరుసటి నెల నుంచే ఈ తీసుకుపోవడాలు.

థారూలంటే ఎవరు? ఆ భూమిని అడవి కొట్టి సాగులోకి తెచ్చినవాళ్లు. మలేరియా అదుపులోకి వచ్చాక కొండల మీది నుంచి పెద్ద కులాల వాళ్లు దిగొచ్చి పట్టాలు రాయించుకున్నారు. థారూలు తమ భూమిలోనే కమయ్యాలయ్యారు. కమయ్యా అంటే అప్పు కింద దొర పొలంలో పనిచేసేవాడు. తండ్రి అప్పు కొడుకు మీద పడుతుంది, ఒక దొర ఆ అప్పు కట్టి ఇంకో దొర దగ్గర్నుంచి మనిషిని తెచ్చుకుంటాడు. నల్గొండలో నిలబడి దీన్ని ఇంతకంటే వివరించాల్సిన పని లేదు. గడీల ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల మనవళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

2000 జులై 17న నేపాల్ ప్రభుత్వం కమయ్యాలకు విముక్తి అని ప్రకటించింది. దొరలు వాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. పునరావాసం కింద ప్రభుత్వం ఇస్తామన్నది ఐదు కఠాల దాకా భూమి, మన లెక్కలో సుమారు 17 గుంటలు. అది కూడా అందరికీ అందలేదు. అప్పుడు మావోయిస్టులు వచ్చి భూమి మీదే పొమ్మన్నారు. కొందరు పోయారు. ఏడాదిన్నర తిరగకుండానే ఎమర్జెన్సీ, సైన్యం. ఫలానావాడు మావోయిస్టు అని సైన్యానికి వేలు చూపించింది ఎవరు? చాలాచోట్ల భూమి తగాదా ఉన్న పెద్ద రైతులేనని ఆ కుటుంబాలు చెబుతూ వచ్చాయి. భూమి గొడవను రాజ్య భద్రత గొడవగా మార్చితే ఎంత సులువో మన 1948 తర్వాతి చరిత్ర చదివినవాళ్లకు తెలుసు.

సరే, కమిషన్ల దగ్గరికి వద్దాం. రెండు కమిషన్లూ ఫిర్యాదులు పిలిచాయి. సత్య నిరూపణ కమిషన్‌కు 60 వేలకు పైగా వచ్చాయి, మాయమైనవాళ్ల కమిషన్‌కు 3 వేలకు పైగా. జనానికి ఆశ లేకపోతే ఇన్ని రావు. మరి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? జిల్లాల్లో స్థానిక శాంతి కమిటీల దగ్గర. ఆ కమిటీల్లో కూర్చున్నది ఎవరు? పార్టీల వాళ్లు. మీ ఆయన్ను ఎత్తుకుపోయిన పార్టీ మనిషి బల్లకు అవతల కూర్చుని మీ కాగితం తీసుకుంటాడు. మీ మీద అఘాయిత్యం జరిగితే? అది కూడా అదే బల్ల ముందు, ఊరి మగవాళ్ల మధ్య చెప్పాలి. ఎంతమంది చెబుతారు? చాలామంది చెప్పలేదు. తర్వాత లెక్కలు తీసి, యుద్ధంలో లైంగిక హింస తక్కువేనని వాదించినవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి, వకీళ్లు ముఖ్యంగా వినాలి. అప్పటి నేపాల్ చట్టంలో అత్యాచారం మీద కేసు పెట్టడానికి గడువు 35 రోజులు. ముప్పై ఐదు! యుద్ధం నడుస్తుంటే, ఊరి చుట్టూ సైన్యం ఉంటే, 35 రోజుల్లో ఏ స్టేషన్‌కు పోతుంది ఆ ఆడమనిషి? తర్వాత 180 రోజులు చేశారు, ఆ తర్వాత ఏడాది. కానీ 2002లో జరిగినదానికి 2015లో గడువు పెంచితే ఏం ఉపయోగం? చట్టం పుస్తకంలో నేరం నేరంగానే ఉంది, కానీ తలుపు మూసేసి తాళం గడువు చేతికిచ్చారు. పైగా సర్కారు ఇచ్చిన మధ్యంతర సాయం చనిపోయినవాళ్ల కుటుంబాలకు, మాయమైనవాళ్ల కుటుంబాలకు విడతలవారీగా 10 లక్షల నేపాలీ రూపాయల దాకా పోయింది. అత్యాచారానికి, చిత్రహింసలకు గురైనవాళ్లను మాత్రం ఆ జాబితాలోనే చేర్చలేదు.

మాయమైనవాళ్ల భార్యల సంగతి వేరు. చనిపోయాడంటే కర్మకాండ చేయాలి, తెల్ల బట్ట కట్టాలి, సిందూరం తుడుచుకోవాలి. చనిపోలేదంటే ఎక్కడున్నాడో చెప్పాలి. అత్తగారింట్లో సగంమంది అనుమానంగా చూస్తారు, ఆమె గాజులు తీస్తే కొడుకును చంపేసిందంటారు, తీయకపోతే సిగ్గు లేదంటారు. భూమి భర్త పేరున ఉంటుంది. పేరు మారాలంటే చావు నమోదు కావాలి. చావు నమోదు చేయిస్తే, వెతకండి అని అడిగే హక్కు తన చేత్తోనే వదులుకున్నట్టు అవుతుందని భయం. చాలామంది ఆడవాళ్లు ఏళ్లతరబడి సంతకం పెట్టకుండా ఉండిపోయారు. మన దగ్గర ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. అది ఆస్తి పంపకానికి పనికొస్తుంది. తీసుకుపోయినవాడిని నిలదీయడానికి పనికిరాదు. మానవ హక్కుల ప్రకటన 30 అధికరణాలు చదవండి, చదవాల్సిందే, కానీ ఆ ప్రకటన ఊళ్లోకి దిగిందో లేదో తేలేది మండలాఫీసు కిటికీ దగ్గర, ఆమె చేతిలోని దరఖాస్తు మీద ఏం రాసిచ్చారన్న దగ్గర.

ఇక కోర్టులు. నేపాల్ విషయంలో నాకు గౌరవం కలిగేది ఇక్కడే. 2007 జూన్ 1న అక్కడి సుప్రీంకోర్టు, మాయమైనవాళ్ల తరఫున వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ల మీద, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్ల మీద, తీర్పు చెబుతూ, మనుషులను మాయం చేయడాన్ని నేరంగా ప్రకటించే చట్టం చేయండి, విచారణ కమిషన్ వేయండి, కుటుంబాలకు సాయం ఇవ్వండి అని ఆదేశించింది. 2015 ఫిబ్రవరిలో, కమిషన్ చట్టంలో ఘోరమైన నేరాలకు కూడా క్షమాభిక్ష పెట్టే నిబంధనలను కొట్టేసింది. ప్రభుత్వం పునఃపరిశీలన కోరింది, 2020లో దాన్నీ తోసిపుచ్చింది. చట్టాన్ని సవరించడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. పార్టీలు మారాయి, ప్రధానులు మారారు, దీన్ని సాగదీయడంలో మాత్రం అందరికీ ఏకాభిప్రాయం.

ఒక కేసు చెబుతాను. మైనా సునువార్, పదిహేనేళ్ల పిల్ల. 2004 ఫిబ్రవరిలో సైనికులు తల్లి కోసం ఇంటికొచ్చారు, తల్లి లేకపోతే పిల్లను పట్టుకుపోయారు. నీళ్లలో ముంచి, కరెంటు పెట్టి చంపారు. ఎక్కడ? పాంచ్‌ఖాల్ సైనిక శిక్షణ కేంద్రంలో. ఆ కేంద్రం దేనికనుకుంటున్నారు? ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు వెళ్లే సైనికులకు శిక్షణ ఇవ్వడానికి. సైనిక కోర్టు విచారించి ముగ్గురు అధికారులకు ఆరు నెలల శిక్ష వేసింది. విచారణ కాలంలోనే అది అనుభవించేశారని వదిలేసింది. తల్లి వదల్లేదు. నిందితుల్లో ఒకరు శాంతి దళంలో చాద్ దేశానికి పోతే గొడవ చేసి 2009లో వెనక్కి పంపించేలా చేశారు. 2017 ఏప్రిల్‌లో కావ్రే జిల్లా కోర్టు ముగ్గురికి యావజ్జీవం వేసింది. నిందితులు కోర్టులో లేరు, తీర్పు మాత్రం ఉంది. ఆ తీర్పు అమలు కాలేదు గదా, ఏం లాభం అని అడిగేవాళ్లుంటారు. ఒక మామూలు జిల్లా కోర్టు, మన నల్గొండ కోర్టు లాంటిదే, సైనికాధికారుల పేర్లు రాసి వీళ్లు హంతకులు అని చెప్పడం చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

నేపాల్‌లో అన్నీ విఫలమయ్యాయని చెప్పడం లేదు. రాజరికం పోయింది, 2008 మే 28న. ఆ ఏడాది ఎన్నికైన రాజ్యాంగ సభలో మూడింట ఒక వంతు ఆడవాళ్లు. ఈ విషయంలో మన పార్లమెంటు సిగ్గుపడాలి. పడమటి కొండల్లో హలియా అనే నాగలి వెట్టిని అదే ఏడాది రద్దు చేశారు. చిత్రహింసలు, మనిషిని మాయం చేయడం నేరాలని 2018లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిలో రాశారు. మనకు ఇప్పటికీ చిత్రహింసల మీద ప్రత్యేక చట్టం లేదు. గమనించారా, రేపటి గురించి రాసిన హక్కులు ఒక్కొక్కటీ వచ్చాయి. అవి రాస్తే ఎవరికీ శిక్ష పడదు. నిన్నటి గురించిన హక్కుల దగ్గరే బండి ఆగింది.

ఇంకొకటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. హక్కుల పని యుద్ధం ముగిశాక మొదలుపెట్టేది కాదు. 2003, 2004ల్లో ప్రపంచంలోనే ఎక్కువగా కొత్త అదృశ్యాల ఫిర్యాదులు ఐక్యరాజ్యసమితికి నేపాల్ నుంచే వెళ్లాయి. 2005లో మానవ హక్కుల కార్యాలయం అక్కడ తెరుచుకుంది. వాళ్లకున్న అధికారమల్లా చెప్పకుండా బ్యారక్‌లోకి పోయి ఎవరెవరిని పెట్టారో చూడటం, పేర్లు రాసుకోవడం. అదృశ్యాలు గణనీయంగా తగ్గాయి. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, రాజు ఇంకా గద్దె మీదే ఉన్నాడు. లోపల ఉన్నవాడి పేరు బయటివాడి నోట్‌బుక్‌లోకి ఎక్కితే చాలు, చంపడం కష్టమవుతుంది. 2011 చివర్లో ఆ కార్యాలయాన్ని వెళ్లిపొమ్మన్నారు. అందులోనూ పెద్ద పార్టీలు ఒక్కటే.

ఇప్పుడు మన సంగతి. నేపాల్‌ను వేలెత్తి చూపడానికి మనకు అర్హత ఉందా అని అడుక్కోవాలి. ఈ జిల్లా కూడా ఒక యుద్ధం నుంచి తేరుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయిన నాటి నుంచి 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా ఐదేళ్లు. రజాకార్లు తగలబెట్టిన ఊళ్లు, ఆ తర్వాత 1948 సెప్టెంబర్ సైనిక చర్య, ఆ తర్వాత మూడేళ్ల పాటు సైన్యం క్యాంపులు. వీటిలో దేనిమీదైనా విచారణ జరిగిందా? ఒక్కదాని మీద జరిగింది. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హింస గురించి తెలుసుకురమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపాడు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. నల్గొండ పేరు కూడా ఆ నివేదికలో ఉంది. దాన్ని ప్రభుత్వం ప్రచురించలేదు. సుమారు 65 ఏళ్ల తర్వాత గానీ మామూలు పాఠకుడి చేతికి అందలేదు. క్యాంపుల్లో చనిపోయిన రైతుకూలీల సంగతికి ఆ మాత్రం బృందం కూడా రాలేదు.

మనకూ ఇద్దరి మధ్య రాజీయే జరిగింది. 1952లో ఎన్నికలొచ్చాయి, జైళ్లలో, అజ్ఞాతంలో ఉన్నవాళ్లు ఓట్లడిగారు, రావి నారాయణరెడ్డి గారిని ఈ జిల్లా నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపింది. గొప్ప సంగతే, కాదనను. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అని పేరు రాశారు, తర్వాత భూమి నీదేనని థర్టీ ఎయిట్-ఈ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి తెచ్చి, సార్ భూమి మాత్రం వేరేవాళ్ల పేరున ఉంది అని చూపించిన మనవళ్లు కోర్టు వరండాలో నాకు ఇప్పటికీ కనబడతారు. ఇక స్వాతంత్ర్య సమరయోధుల పింఛను. జైలు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు, లేకపోతే తోటి ఖైదీ రాసిచ్చిన సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు వచ్చింది. దళాలకు రాత్రిళ్లు గటుక మోసిన ఆడవాళ్లకు, క్యాంపులో చెరచబడ్డవాళ్లకు ఏ తోటి ఖైదీ సర్టిఫికెట్ ఇస్తాడు? నేపాల్ జాబితాలో ఎవరు లేరో మన జాబితాలోనూ వాళ్లే లేరు.

ఇంకా దగ్గరికి వద్దాం. 2004 అక్టోబర్‌లో నక్సలైట్లు నల్లమల దిగి హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. దానికి వెనక మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, పౌర స్పందన వేదిక ఏళ్లతరబడి చేసిన పని ఉంది. వాళ్లు ప్రభుత్వాన్నీ అడిగారు, నక్సలైట్లనూ అడిగారు. మధ్యలో నలుగుతున్న జనం గురించి మీ ఇద్దరూ ఏం చెబుతారని. ఆ చర్చలు 2005 జనవరికి చెదిరిపోయాయి. ఆ ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను నక్సలైట్లు కాల్చి చంపారు. దానికి నాలుగేళ్ల ముందు ఇదే నల్గొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నరికి చంపారు. ఇటు చంపినా అటు చంపినా ఎవరెవరు ఎందుకు చంపారో తేల్చమని అడిగేవాడికే ప్రాణభయం. అయినా అడిగినవాళ్లున్నారు. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే కేసు నమోదు చేయాలి, వేరే సంస్థ దర్యాప్తు చేయాలి అని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో రాష్ట్రాలన్నిటికీ రాసిన మార్గదర్శకాలు మన ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదుల మీద విచారణలోంచి పుట్టినవే. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి హక్కుల ఉద్యమ నాయకులు తిరిగిన ఊళ్లు, రాసుకున్న కాగితాలు లేకపోతే అవి లేవు. 2014లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా పదహారు నిబంధనలు పెట్టింది. అవి అమలవుతున్నాయా అంటే ఈ హాల్లో కూర్చున్న పోలీసు మిత్రులే చెప్పాలి. (నవ్వులు)

నన్నడిగితే, యుద్ధం నుంచి లేచే దేశానికి వరుస ఇట్లా ఉండాలి. మనిషి ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ముందు. దాన్ని శిక్షలతో ముడిపెట్టొద్దు. శిక్ష వద్దని కాదు, శిక్ష పడేదాకా ఎముకలు ఆగాల్సిన పని లేదని. ఆ తర్వాత భూమి, ఇల్లు, పౌరసత్వం కాగితాలు. ఆ తర్వాత కోర్టు, కానీ ఆలస్యం చేయకుండా. ఎన్నికలు వీటికి ముందైనా వెనకైనా ఫరవాలేదు, నాయకులు ఎట్లాగూ అవే ముందు పెట్టుకుంటారు. ఈ వరుసతో ఇక్కడే కొందరు మిత్రులు విభేదిస్తారు, శిక్ష ముందు పడకపోతే నిజం ఎవడు చెబుతాడంటారు. వాళ్ల మాటలో బలం ఉంది. కానీ తల్లులు ముసలివాళ్లయిపోతున్నారు.

మొన్న 2025 సెప్టెంబర్‌లో ఖాట్మండులో కుర్రాళ్లు రోడ్డెక్కితే మొదటిరోజే 19 మందిని కాల్చి చంపారు. మరుసటిరోజు పార్లమెంటు, ప్రభుత్వ సచివాలయమైన సింహ దర్బార్, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. కోర్టు ఫైళ్లు కాలిపోయాయి. అక్కడి మానవ హక్కుల కమిషన్ 2020లో, హక్కుల ఉల్లంఘనకు బాధ్యులుగా తాను తేల్చినా ప్రభుత్వం చర్య తీసుకోని 286 మంది పేర్లు ప్రచురించింది. అచ్చులోకి వచ్చిన ఆ పేర్లకు ఏ మంటా తగలదు.

అందుకని విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. 1948 నాటికి పదేళ్లున్నవాళ్లు మీ ఊళ్లలో ఇంకా ఒకరిద్దరు ఉంటారు. సెల్‌ఫోన్ తీసుకుని పొండి. చనిపోయినవాడి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఏ నెల, ఎవరు తీసుకుపోయారు, ఎవరు చూశారు, శవం ఇచ్చారా లేదా, భూమి ఎంత, ఇప్పుడు ఎవరి పేరున ఉంది. దొరల వైపు చచ్చినవాళ్లవి కూడా, రజాకార్ల చేతుల్లో పోయినవాళ్లవి, సైన్యం చేతుల్లో పోయినవాళ్లవి, దళాల చేతుల్లో పోయినవాళ్లవి, అన్నీ. ముసలమ్మ ఎట్లా చెబితే అట్లాగే రాయండి, మీ వ్యాసం భాషలోకి మార్చకండి. మాట్లాడటానికి ఇష్టపడకపోతే బలవంతం చేయకండి, వచ్చేయండి. రాసినవి రెండు కాపీలు తీయండి, ఒకటి ఊళ్లోనే ఉంచండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు వెనక్కి ఇవ్వండయ్యా, ఆ ఎర్ర చీర అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది.